మత్తవిలాస ప్రహసనం: మతకాపట్యం, దోషనిర్ణయం

పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ (క్రీ.శ. 7వ శతాబ్ది పూర్వార్ధం) రచించిన ‘మత్తవిలాస ప్రహసనం’ టి. గణపతిశాస్త్రి పరిష్కరణలో 1917లో తిరువనంతపురం సంస్కృత గ్రంథమాలలో వెలువడింది. శైవుడైన రాజు బౌద్ధాన్ని పరిహసించడానికి రాసిన ఏకాంకికగా దీన్ని చదవడం కద్దు. నాటకంలో దోషనిర్ణయం జరిగే తీరును పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

కథాస్థలం కాంచీపురం. కాపాలికుడు సత్యసోముడు, అతని సహచరి దేవసోమ మద్యం మత్తులో తిరుగుతుండగా భిక్షాపాత్రయైన కపాలం కనిపించకుండా పోతుంది. అందులో కాల్చిన మాంసం ఉంది కనుక కుక్కైనా, బౌద్ధభిక్షువైనా తీసి ఉంటారని సత్యసోముడు ఊహిస్తాడు. కానీ భిక్షువు నాగసేనుడు ఎదురుపడగానే కుక్క సంగతి మరచిపోతాడు. నాగసేనుడు దొంగ కాడు. అయితే విందులో దొరికిన చేపలు, మాంసం ఉన్న తన పాత్రను చీవరం మాటున దాచుకొని వస్తున్నాడు. స్త్రీని, మద్యాన్ని అనుమతించే బుద్ధవచనాన్ని వృద్ధస్థవిరులు కావాలనే తొలగించి ఉంటారని అంతకుముందే తనలో తాను అనుకున్నాడు. చేయని నేరానికి అతడు పట్టుబడడానికి కారణం ఆ దాపరికమే.

తీర్పరిగా వచ్చిన పాశుపతుడు బభ్రుకల్పుడికి భిక్షువుపై సొంత కక్ష ఉంది. కనుక మధ్యస్థుడు కూడా నిష్పక్షపాతి కాడు. వివాదాన్ని న్యాయస్థానానికి తీసుకువెళ్దామన్నప్పుడు, విహారాల ధనంతో బౌద్ధులు అధికారుల నోళ్లు మూయించగలరని దేవసోమ అభ్యంతరం చెబుతుంది. ఈ మాటను పాత్రచేత పలికించినవాడు ఆ న్యాయస్థానాలకు అధిపతియైన రాజే! చివరకు కపాలం ఒక పిచ్చివాడి చేతిలో కనిపిస్తుంది. దాన్ని ఎత్తుకుపోయింది కుక్క అని తేలుతుంది.

ఇందులో ప్రతినాయకుడు లేడు, ఆదర్శనాయకుడూ లేడు. ఆరోపించినవాడు, తీర్పరి ఇద్దరూ శైవశాఖలవారే కనుక పరిహాసం ఒక్క బౌద్ధానికే పరిమితం కాలేదు. అంతకన్నా ముఖ్యమైనది, నేరం చేయకపోవడం వేరు, శీలవంతుడై ఉండడం వేరు అన్న వివేచన. నాగసేనుడు మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో ఓడిపోతాడు. అతన్ని నిందించినవారు రెండింటిలో దేనికీ తమను తాము గురిచేసుకోరు. ప్రహసనాన్ని మతవైర సాక్ష్యంగా మాత్రమే వినియోగించే చరిత్రరచన ఈ భేదాన్ని విస్మరిస్తే, కుక్కను మరచి భిక్షువును పట్టుకున్న సత్యసోముడి పొరపాటునే తానూ చేసినట్లవుతుంది.