మోటారు మేస్త్రీల తర్కవిద్య

యంత్రమునకు గలుగు లోపములలో ఎడతెగక యుండునది సులభసాధ్యము, వచ్చిపోవునది దుస్సాధ్యము. పూర్తిగ నిలిచిపోయిన ఇంజను తన రోగమును తానే చెప్పుకొనును. కాని పది మైళ్లు చక్కగ నడచి, ఎత్తు రోడ్డున నకస్మాత్తుగ బలము కోల్పోయి, కొంతసేపు నిలిపినంతనే యేమియు నెఱుగనట్లు మరల పరుగెత్తు పాతబండి, షెడ్డుకు తెచ్చినపుడు తన దోషమును దాచుకొనును. అట్టి దోషమును పట్టుకొనుటకై తెలుగునాట తరతరముల మేస్త్రీలు పెంపొందించిన విద్య చాలవఱకు గ్రంథమున కెక్కక, గురువు చేతినుండి శిష్యుని చేతికి సంక్రమించినది.

నిజాము రాజ్యమున 1932లో రైల్వేకు అనుబంధముగ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ యేర్పడినది. మోటారు పని జీవనాధారముగ స్థిరపడుచున్న ఆ రోజులలోనే రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, పెట్రోలునకు కఱవు కల్పించి, బస్సుల వెనుక బొగ్గు కొలుములను నిలిపినది. బొగ్గు అసంపూర్ణముగ మండినపుడు పుట్టు వాయువుతో నడచు ఇంజను, పెట్రోలుతో నడచినప్పటి శక్తిలో మూడవ వంతు మొదలు సగము వఱకు కోల్పోవును. బొగ్గు తడిసినను, వడపోత మసిబారినను, గొట్టపు అతుకున గాలి చొరబడినను, ఆ మిగిలిన శక్తియు సన్నగిల్లును. లోపము కొలిమిలోనిదా, వడపోతలోనిదా, గొట్టములోనిదా, ఇంజనులోనిదా యని ఒక్కొక్కదానిని విడదీసి చూచుట ఆనాటి డ్రైవరులకును, కొలిమి కడ మసిబారిన క్లీనరు కుర్రలకును తప్పనిసరి యైనది. ఆ కఱవుకాలమే వారికి పాఠశాల.

స్వాతంత్ర్యానంతరము 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారముతో లారీల నిర్మాణమునకు పూనుకొనిరి. 1957లో అంబాసిడరు కారు వెలువడి, 2014 వఱకు నిర్మాణమున నిలిచినది. కలకత్తా, మద్రాసు, హైదరాబాదు మార్గములు కలియు విజయవాడలో లారీల రాకపోకలు పెరిగి, 1960 దశకమున మోటారు మరమ్మతు షెడ్ల పేటయగు ఆటోనగరు వెలసినది. అట్టి షెడ్డులో చేరిన బాలుడు కిరసనాయిలుతో సామానులు కడుగుచు, అడిగిన పానా అందించుచు, గురువు చెవియొగ్గి వినుచున్నదేమో తానును వినుచు, మెల్లమెల్లగ విద్యనభ్యసించెడివాడు.

ఆ విద్య యెంత సూక్ష్మమైనదో యొక యుదాహరణముచే తెలియగలదు. వేసవి యెండలో కారు బలము కోల్పోయినచో, ఇంజను వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపునకు అందకున్నదేమో యని మేస్త్రీ మొదట శంకించును. పంపుపై తడిగుడ్డ చుట్టగనే బండి తేరుకొన్నచో ఆ శంక బలపడును. అయినను బండి చల్లబడి కోలుకొనుట యొక్కటే చాలిన నిదర్శనము కాదు. ఏలయన, వేడికి కాయిలు తీగచుట్ల పూత చెడియో, కండెన్సరు దెబ్బతినియో నిప్పురవ్వ క్షీణించినను, చల్లబడినపుడు అదియు సరిపడవచ్చును. ఈ రెంటిని వేఱుపఱచుటకు బండి మొరాయించిన క్షణమే తగిన క్షణము. అప్పుడే ప్లగ్గు తీగను విప్పి ఇంజను లోహమునకు దగ్గఱగ పట్టి, దృఢమైన నీలిరవ్వ దూకినచో పెట్రోలు మార్గమును, బలహీనమైన పసుపురవ్వ కనబడినచో విద్యుత్తు మార్గమును ముందుగ వెదకవలెను.

ఇట్లు వచ్చిపోవు దోషములు మఱికొన్ని కలవు. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము దుమ్ముతో పూడినచో, పెట్రోలు తఱిగినకొలది లోపల శూన్యత పెరిగి పంపు లాగలేకపోవును. మూత విప్పగనే గాలి బుస్సుమని లోనికిపోయి, బండి బాగుపడును. ట్యాంకులోని తుప్పుపొర బండి నడచునపుడు గొట్టపు నోటికి అడ్డుపడి, ఆగినపుడు అడుగునకు జారిపోవచ్చును. డిస్ట్రిబ్యూటరులోని సన్నని తీగ, పైపూత చెక్కుచెదరకయే లోన తెగి, పలక కదలినపుడెల్ల విడివడుచు కలియుచుండును.

ఏది యున్నపుడు దోషము కలుగుచున్నదో, ఏది లేనపుడు కలుగకున్నదో నిర్ణయించు ఈ పద్ధతిని మన తార్కికులు అన్వయ వ్యతిరేకము లనిరి. పదునేడవ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున అనుమాన ప్రమాణమును వివరించుచు, పొగనుబట్టి నిప్పును నిశ్చయించుటయే ఉదాహరణముగ గ్రహించెను. నల్లపొగను చూచి పెట్రోలు పాలు మించినదనియు, నీలిపొగను చూచి ఇంజనాయిలు మండుచున్నదనియు పోల్చుకొను మేస్త్రీ, ఆ గ్రంథము పేరు వినకున్నను, ఆ శాస్త్రమునే ఆచరించుచున్నాడు.

2000 తరువాత ఉద్గార నియమములు కఠినమగుటతో కొత్త కారులనుండి కార్బురేటరు తొలగి, దోషమును అంకెలలో చూపు పరికరములు షెడ్లకు వచ్చినవి. వాని ప్రయోజనము గొప్పదే. కాని పరికరము లక్షణమును చూపును, కారణమును మనుష్యుడే వెదకవలెను. కారణము నెఱుగకయే ఒకదాని వెంట నొకటిగ సామానులు మార్చుట ధనమునకును విద్యకును నష్టమే. కావున సాంకేతిక విద్యాలయములు వృద్ధ మేస్త్రీలను పిలిపించి, వారి పరీక్షా క్రమములను వ్రాయించి, విద్యార్థులకు పాఠముగ బోధింపవలెను. చేతితో చేసిన ఆలోచనను ఆలోచనగ గౌరవింపని విద్య అసమగ్రము.