షాప్‌లిఫ్టింగ్ కేసు, అమెరికా విద్యార్థి వీసా

దుకాణంలో అమ్మకానికి పెట్టిన వస్తువును డబ్బు కట్టకుండా పట్టుకుపోవడం, దుస్తుల్లోనో సంచిలోనో దాచడం, ధర చీటీ మార్చడం, సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్నిటిని కావాలని స్కాన్ చేయకుండా వదిలేయడం: ఇవన్నీ అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో షాప్‌లిఫ్టింగ్ నేరం కిందికే వస్తాయి. వస్తువు ఖరీదు తక్కువై, అది తొలి తప్పు అయితే అమెరికా పౌరుడికి చాలాసార్లు జరిమానాతోనో, కొద్దిరోజుల సమాజ సేవతోనో సరిపోతుంది. ఎఫ్-1 వీసాపై చదువుకునే విదేశీ విద్యార్థి విషయంలో మాత్రం ఆ కేసును రెండు చట్టాలు చూస్తాయి. ఒకటి రాష్ట్ర శిక్షాచట్టం, రెండోది ఫెడరల్ వలస చట్టం. మొదటిదాని లెక్కలో కొట్టేసిన కేసు రెండోదాని లెక్కలో శిక్షగానే నిలిచిపోవచ్చు.

నేపథ్యం

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక తెలిపింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్లినవారు వారిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్ పట్టణంలో, ఒక సూపర్‌మార్కెట్‌లో కొన్ని సరుకులకు డబ్బు చెల్లించలేదన్న ఆరోపణపై ఇద్దరు తెలుగు విద్యార్థినులను పోలీసులు అరెస్టు చేశారు. రెట్టింపు ధర ఇస్తామన్నా వదల్లేదని అప్పటి వార్తా కథనాలు చెప్పాయి. 2025 జులైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం సామాజిక మాధ్యమాల్లో ఒక హెచ్చరిక పెట్టింది. దాడి, దొంగతనం వంటి నేరాలు చేస్తే వీసా రద్దు కావచ్చనీ, ఇకముందు వీసా పొందే అర్హత కూడా పోవచ్చనీ దాని సారాంశం.

దుకాణం నుంచి కోర్టుకు

వస్తువుతో గుమ్మం దాటితేనే దొంగతనం అవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం డబ్బు కట్టని వస్తువును దుకాణం లోపలే దాచినా, దొంగిలించే ఉద్దేశంతోనే దాచినట్టు ప్రాథమికంగా భావించవచ్చు. పట్టుబడ్డాక డబ్బు కడతానంటే కేసు ఆగిపోతుందన్నదీ భ్రమే. కొన్ని దుకాణాల తరఫు న్యాయవాదులు ఆ తర్వాత ఇంటికి లేఖ పంపి పరిహారం అడుగుతారు. అది సివిల్ వ్యవహారం. ఆ సొమ్ము చెల్లించినంత మాత్రాన క్రిమినల్ కేసు ముగియదు.

అరెస్టయినప్పుడు స్టేషన్‌లో తీసుకునే వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చేరతాయి. వీసా ఇంటర్వ్యూకు ముందు ఇచ్చిన వేలిముద్రలు, విమానాశ్రయంలో ఇచ్చినవీ ఆ వ్యవస్థలో అప్పటికే ఉంటాయి. కాబట్టి విద్యార్థి ఎవరికీ చెప్పకపోయినా ఆ అరెస్టు సంగతి వీసా అధికారుల కంట పడే అవకాశం ఎక్కువ.

నైతిక పతనం, చిన్న నేరాల మినహాయింపు

అమెరికా వలస చట్టంలో 'నైతిక పతనంతో కూడిన నేరాలు' అనే వర్గం 1891 నుంచీ ఉంది. అందులోకి ఏవేవి వస్తాయో చట్టం నిర్వచించలేదు. ఆ పని కోర్టు తీర్పులే చేస్తూ వచ్చాయి. దొంగతనాన్ని అవి చాలాకాలంగా ఈ వర్గంలోనే లెక్కిస్తున్నాయి. 2016లో అరిజోనాకు చెందిన ఒక షాప్‌లిఫ్టింగ్ కేసులో బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ ఈ నిర్వచనాన్ని మరికొంత విస్తరించింది. వస్తువును శాశ్వతంగా కాజేయాలన్న ఉద్దేశం లేకపోయినా, యజమాని హక్కుకు గణనీయంగా భంగం కలిగితే చాలని తేల్చింది.

ఈ వర్గానికి చెందిన నేరంలో శిక్ష పడితే, లేదా నేరాంశాలను విధివిధానాల ప్రకారం ఒప్పుకుంటే, వీసాకూ దేశ ప్రవేశానికీ అనర్హత వస్తుంది. అయితే చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. ఆ వ్యక్తి చేసిన అలాంటి నేరం అదొక్కటే అయి ఉండాలి. ఆ నేరానికి చట్టం అనుమతించే గరిష్ఠ శిక్ష ఏడాది జైలును మించకూడదు. నిజంగా విధించిన శిక్ష ఆరు నెలలు దాటకూడదు. మూడూ కుదిరితే అనర్హత వర్తించదు. తొలిసారి చేసిన చిన్న దొంగతనాలు చాలావరకు ఈ మినహాయింపులోకి వస్తాయి. రెండోసారి పట్టుబడి శిక్ష పడితే ఈ ఆసరా ఉండదు. పైగా, వేర్వేరు సందర్భాల్లో ఈ వర్గానికి చెందిన రెండు నేరాలకు శిక్ష పడటమే దేశం నుంచి పంపించేయడానికి సరిపోయే కారణం అవుతుంది.

ఒక్క రోజు తేడా

దేశ ప్రవేశానికి అనర్హత వేరు, దేశంలో ఉన్నవారిని పంపించేయడం వేరు. రెండోదానికి కొలమానం కూడా వేరు. దేశంలోకి ప్రవేశం పొందిన అయిదేళ్లలోపు ఈ వర్గం నేరం చేసి, దానికి చట్టప్రకారం ఏడాది లేదా అంతకు మించిన శిక్ష వేసే వీలుంటే, ఆ ఒక్క శిక్షతోనే డిపోర్టేషన్‌కు గురికావచ్చు. జడ్జి ఒక్క రోజు కూడా జైలుకు పంపకపోయినా, ఎంత శిక్ష వేయవచ్చన్నదే ఇక్కడ లెక్క.

అందుకే రాష్ట్రం మారితే ఫలితం మారిపోతుంది. కాలిఫోర్నియాలో 950 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్‌కు సాధారణంగా గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు దొంగతనానికి జరిమానాయే ఉంది. 100 నుంచి 750 డాలర్ల లోపైతే 180 రోజుల వరకు జైలు. 750 దాటి 2,500 డాలర్ల లోపు ఉంటే ఏడాది వరకు శిక్ష వేయవచ్చు కాబట్టి డిపోర్టేషన్ గీత దాటినట్టే. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు ఉంటే ఆరు నెలలే. 200 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటే గరిష్ఠ శిక్ష 18 నెలలకు పెరిగి, చిన్న నేరాల మినహాయింపు కూడా చేజారుతుంది. బండిలో వేసిన ఒక జత బూట్లతో మొత్తం ఆ గీత దాటవచ్చు. ఏడాది శిక్షకు వీలుండటమే డిపోర్టేషన్‌కు దారితీసే ఈ అన్యాయాన్ని గుర్తించే వాషింగ్టన్, కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు తగ్గించాయి. న్యూయార్క్ 2019లో ఆ మార్పు చేసింది.

కొట్టేసినా మిగిలే శిక్ష

విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 1996లో వలస చట్టానికి చేసిన సవరణ 'శిక్ష పడటం' అంటే ఏమిటో ప్రత్యేకంగా నిర్వచించింది. నిందితుడు నేరం ఒప్పుకుని, లేదా ఆరోపణను సవాలు చేయనని చెప్పి, జడ్జి ఏదో ఒక శిక్షో, జరిమానానో, స్వేచ్ఛపై ఆంక్షో విధిస్తే చాలు. ఆ తర్వాత రాష్ట్ర కోర్టు కేసును కొట్టేసినా, రికార్డు తుడిచేసినా ఫెడరల్ చట్టం దృష్టిలో శిక్ష పడినట్టే లెక్క.

టెక్సస్‌లోని డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇందుకు ఉదాహరణ. నేరం ఒప్పుకున్నాక జడ్జి తీర్పును వాయిదా వేసి, గడువంతా సవ్యంగా నడుచుకుంటే కేసు కొట్టేస్తాడు. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో ఉన్న కండిషనల్ డిస్మిసల్ పద్ధతిలోనూ మొదట నేరం ఒప్పుకోవడమో, నేరం రుజువైందని తేలడమో ఉంటుంది. స్థానికుడికి ఇవి వరాలు. వీసా మీద ఉన్నవారికి ఇవే ఉచ్చులు కావచ్చు. 200 డాలర్ల లోపు దొంగతనాన్ని న్యూజెర్సీ చట్టం 'డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్' అంటుందే తప్ప నేరాల జాబితాలో చేర్చదు. అలాంటి ఉల్లంఘనలో వచ్చిన తీర్పు కూడా వలస చట్టం దృష్టిలో శిక్షేనని 2022లో అప్పీల్స్ బోర్డు తేల్చింది. నేరం ఒప్పుకోకుండానే కౌన్సెలింగ్, సమాజ సేవ పూర్తిచేసి ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకునే డైవర్షన్ పద్ధతులు కొన్ని చోట్ల ఉన్నాయి. విద్యార్థి తరఫు న్యాయవాది ముందుగా వెతకవలసింది వాటికోసమే.

వీసా, స్టేటస్

పాస్‌పోర్టులో అంటించే వీసా దేశంలోకి రావడానికి పనికొచ్చే పత్రం. వచ్చాక చట్టబద్ధంగా ఉండే హక్కును స్టేటస్ అంటారు. విద్యాసంస్థ ఇచ్చే ఐ-20, దేశ ప్రవేశాన్ని నమోదు చేసే ఐ-94 పత్రాలు, సెవిస్ అనే ఫెడరల్ డేటాబేస్‌లోని రికార్డు స్టేటస్‌కు ఆధారాలు. వీసాను విదేశాంగ శాఖ తన విచక్షణతో ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. అందుకు కోర్టులో శిక్ష పడనక్కర్లేదు, అరెస్టు సమాచారం చాలు. చదువు కొనసాగిస్తున్న విద్యార్థికి వీసా రద్దయినంత మాత్రాన స్టేటస్ దానంతట అదే పోదు. కానీ పెళ్లికో పండక్కో ఇంటికి వస్తే, హైదరాబాద్ కాన్సులేట్‌లోనో మరోచోటో కొత్త స్టాంపింగ్ దొరికితేనే తిరుగు ప్రయాణం.

విశ్వవిద్యాలయం నుంచి కూడా ముప్పు ఉంది. నేర శిక్ష కారణంగా విద్యార్థిపై క్రమశిక్షణ చర్య తీసుకుంటే ఆ సంగతిని విద్యాసంస్థ సెవిస్‌లో నమోదు చేయాలి. సస్పెండ్ చేస్తే పూర్తికాలపు చదువు ఆగి, స్టేటస్ దెబ్బతింటుంది.

2025 పరిణామాలు

2025 వసంతంలో ఈ వ్యవహారం పాత నియమాలను దాటిపోయింది. ఇమిగ్రేషన్ అధికారులు దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను జాతీయ నేర సమాచార డేటాబేస్‌తో పోల్చి చూశారని కోర్టు విచారణల్లో బయటపడింది. 4,700కు పైగా సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. వారిలో కేసు కొట్టేసినవారు, ట్రాఫిక్ చలాన్లు తప్ప మరేమీ లేనివారు కూడా ఉన్నారు. విద్యార్థులు దేశమంతటా కోర్టులకెక్కారు. ఒక్క జార్జియా కేసులోనే 133 మందికి తాత్కాలిక ఊరట లభించింది. ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరిస్తామని కోర్టుకు చెప్పింది. ఆ వెంటనే వచ్చిన కొత్త విధానం మాత్రం, తక్షణం అమల్లోకి వచ్చేలా వీసా రద్దయితే సెవిస్ రికార్డును కూడా ముగించవచ్చని పేర్కొంది. అదే ఏడాది ఆగస్టులో విదేశాంగ శాఖ 6,000కు పైగా విద్యార్థి వీసాలు రద్దు చేశామనీ, వాటిలో సుమారు 4,000 చట్టాన్ని ఉల్లంఘించినవారివనీ వెల్లడించింది.

డీఎస్-160 ప్రశ్న

వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. క్షమాభిక్ష దొరికిన కేసులను కూడా చెప్పాలని ఆ ప్రశ్నలోనే ఉంటుంది. కేసు కొట్టేశారు కదా అని 'లేదు' అని రాసేవారు అసలు నేరం కంటే పెద్ద చిక్కులో పడతారు. ముఖ్యమైన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినట్టు అధికారి నిర్ధారిస్తే, అమెరికా ప్రవేశానికి జీవితకాల అనర్హత వస్తుంది. చిన్న దొంగతనానికి ఉన్న మినహాయింపు అబద్ధానికి లేదు. ప్రత్యేక అనుమతి ద్వారా మాత్రమే ఆ తర్వాత వీసా దొరికే వీలుంటుంది. ఉద్యోగంలో చేరి హెచ్-1బీ స్టాంపింగ్‌కు వెళ్లినా, గ్రీన్ కార్డుకు, పౌరసత్వానికి దరఖాస్తు చేసినా ఇలాంటి ప్రశ్నలు మళ్లీ ఎదురవుతాయి.

కెనడాలో

కెనడాలో 5,000 డాలర్ల లోపు దొంగతనాన్ని తేలికపాటి పద్ధతిలోనూ, తీవ్రమైన పద్ధతిలోనూ విచారించవచ్చు. అలాంటి నేరాలన్నిటినీ వలస చట్టం తీవ్రమైనవిగానే లెక్కిస్తుంది. అందువల్ల ఒక్క శిక్ష పడినా విదేశీ విద్యార్థికి అనర్హత రావచ్చు. నేరం రుజువైనా శిక్ష నమోదు చేయకుండా కోర్టు 'డిశ్చార్జ్' ఇస్తే అది శిక్ష పడినట్టు కాదు.

న్యాయ సహాయం, పత్రాలు

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో విదేశీ కక్షిదారుకు చెప్పడం డిఫెన్స్ న్యాయవాది బాధ్యతని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో తీర్పిచ్చింది. జైలు శిక్ష పడే అవకాశమున్న కేసుల్లో, ఫీజు ఇచ్చుకోలేని నిందితుడికి పబ్లిక్ డిఫెండర్ దొరుకుతాడు. ఇమిగ్రేషన్ కోర్టులో ఆ సౌకర్యం లేదు. మౌనంగా ఉండే హక్కు విదేశీయులకూ ఉంది. అరెస్టయిన సంగతి తమ దేశపు కాన్సులేట్‌కు తెలపమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద ఉంది. మొదటి వాయిదాకు ముందే క్రిమినల్ న్యాయవాదితో పాటు ఇమిగ్రేషన్ న్యాయవాదిని కూడా సంప్రదించడం అవసరం. కాగితం మీద నేరం ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పరువు పోతుందన్న భయంతో, ఇంట్లో చెప్పలేక, ఒంటరిగా కోర్టుకెళ్లి అడిగిన చోటల్లా సంతకం పెట్టే పిల్లలకు ఈ సంగతి విమానం ఎక్కకముందే తెలిసి ఉండాలి.

కేసు ముగిశాక తుది ఉత్తర్వు ధ్రువీకృత నకలు, అరెస్టు నివేదిక, ఫిర్యాదు పత్రం, జరిమానా రసీదులు తీసి భద్రపరచుకోవాలి. కాన్సులేట్ అధికారి సాధారణంగా అడిగేవి ఇవే. రికార్డును సీలు చేయించుకోవాలనుకునే విద్యార్థులు అంతకుముందే నకళ్లు తీసుకోవడం మంచిది. సీలు పడ్డాక కోర్టు గుమాస్తా దగ్గర అవి మళ్లీ దొరకకపోవచ్చు.