ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు: తెలుగు లిపికి తోడ్పడు ప్రోగ్రామింగు భాషలు

సోర్సుకోడును ఎల్లరును చదువుటకును, మార్చుటకును, పంచుకొనుటకును అనుమతిగల సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు అందురు. చీర ఒడలికి నూలును, అంచునకు జరీని వాడు మంగళగిరి నేతవలె ఇందును పనినిబట్టియే భాష. తెలుగక్షరము తెరమీదికి వచ్చు మార్గమును పరికించిన ఇది విశదమగును.

మంగళగిరి కొండదిగువ వెలసిన లక్ష్మీనరసింహస్వామి నామమును ఉత్సవపు కరపత్రమునకై ఒకరు టైపు చేయుచున్నారనుకొందము. ‘లక్ష్మీ’ యనునది కంటికి రెండక్షరములే యైనను యూనికోడులో ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘము, యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటికి మూడు చొప్పున 21 బైట్లు. వరుసలో కట్టకడపటిదగు గుడిదీర్ఘము తెరమీద మకారమును విడిచి కకారపు తలపై కూర్చుండవలెను. షకార మకారములు వత్తులై ఒదిగి నిలువవలెను. ఫైర్‌ఫాక్సు, లిబ్రెఆఫీసు, ఆండ్రాయిడులలో ఈ కూర్పును నిర్వహించునది హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ. దాని పేరు పారసీకము, భాష సి++. పుటలోని ప్రతి మాటకును ఈ లెక్క రెప్పపాటులో ముగియవలసియుండుటచే, ముందుగనే యంత్రభాషలోనికి మార్పబడు సి, సి++ల వేగము ఇచట అవసరమైనది. ఖతి (ఫాంటు)లో లోపమున్నచో స్వామివారి దేవేరి ‘లక్‌ష్‌మీ’ యై దర్శనమిచ్చును. ఇట్టి అపచారము కరపత్రములలో నేటికిని అరుదు కాదు.

టైపు చేయు సాధనములకు అంత వేగముతో పనిలేదు. ఇంగ్లీషు కీబోర్డుపై తెలుగు వ్రాయుటకు వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ జావాస్క్రిప్టుతో నడచును. బ్రౌజరు తెరచినంతనే పనిచేయుటయు, దేనిని ఇన్‌స్టాల్ చేయనక్కరలేకుండుటయు ఆ భాష చేసిన ఉపకారము. ఇంటర్నెట్టు సెంటరులో గంటకింత చెల్లించి కూర్చున్నవానికి అది చిన్నమేలు కాదు.

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాకు ఆధారమగు మీడియావికీ పి.హెచ్.పి.లో వ్రాయబడినది. అందు ఊళ్ల వ్యాసముల ప్రక్కన కనబడు సమాచారపెట్టెల వెనుక, బ్రెజిలు దేశమున 1993లో పుట్టిన లువా భాష కలదు. వేలకొలది పుటలలో ఒకే తప్పును దిద్దవలసివచ్చినపుడు పైథాన్‌లో వ్రాసిన బాట్లను, అనగా తమంతట పనిచేయు ప్రోగ్రాములను, నియోగింతురు. పదిపంక్తుల కోడు పదిమంది శ్రమను తప్పించును.

వేగమునకు ప్రసిద్ధమైన సి, సి++లలో మెమరీ హద్దులు మీరు దోషము సులభముగ చొరబడును. ఎవరో పంపిన ఖతిఫైలును తెరచుట అపరిచితుని ఇంటిలోనికి రానిచ్చుట వంటిదే కావున, గూగుల్ క్రోము 2024లో వెబ్ ఖతులను చదువు పనిని సి భాషలోని ఫ్రీటైపు అను లైబ్రరీనుండి రస్టు భాషలోని స్క్రిఫాకు మార్చనారంభించినది.