బంతి చప్పుడు

2020 జనవరి నెలాఖరున 81వ సీనియర్ జాతీయ టేబుల్ టెన్నిస్ పోటీలు హైదరాబాద్‌లో, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో మొదలయ్యాయి. మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే చెవులు నిండిపోయాయి. వరసగా వేసిన టేబుళ్ల మీద ఒకేసారి ఆట నడుస్తుంటే రేకుల కప్పు మీద వడగళ్లు కురిసినట్టుంటుంది. ఆ హోరులో ఉండుండి ఎవరో "చో!" అని కేక పెడతారు, పాయింటు గెలిచినందుకు. ఓ పావుగంట కుదురుగా కూర్చుంటే ఏ వడగల్లు ఏ టేబుల్ మీద పడిందో విడివిడిగా తెలుస్తుంది.

మా దగ్గరి టేబుల్ మీద ఆడుతున్న అమ్మాయి బ్యాట్‌ని చేతిలో గిర్రున తిప్పుతూ ఆడుతోంది. పిల్ల నా చెయ్యి పట్టుకు లాగింది. "అమ్మమ్మా, ఆ అక్క ఎర్రవైపు కొడితే ఒకలా వినపడుతోంది, నల్లవైపు కొడితే ఇంకోలా. ఎందుకు?"

పదేళ్ల పిల్ల పట్టుకున్న సంగతి అది. దానికి జవాబు చెప్పాలంటే 1952 నాటి బొంబాయికి వెళ్లాలి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు బొంబాయిలో జరిగాయి. అంతకుముందు ఆసియా ఖండంలో ఎక్కడా జరగలేదు. మా నాన్న అప్పుడు అక్కడ రైల్వేలో గుమాస్తా. డ్యూటీ దిగి నేరుగా ఆటకి వెళ్లేవాడట. అప్పటి బ్యాట్లు చెక్క మీద పొక్కుల రబ్బరు అంటించినవి. బంతి తగిలితే టక్‌మనేది, టేబుల్ మీద పడితే మళ్లీ టక్‌మనేది. అవతలివాడు ఎంత గట్టిగా కొట్టాడో, కోసి వదిలాడో, ఆ చప్పుడే చెప్పేది. ఆడేవాడికీ చూసేవాడికీ ఆట తాళంలో సాగేది.

ఆ తాళాన్ని చెడగొట్టింది జపాన్ నుంచి వచ్చిన హిరోజి సాటో. కళ్లద్దాల మనిషి. బ్యాట్‌కి మందపాటి స్పాంజి అంటించుకుని వచ్చాడు. దానికి బంతి తగిలితే వినపడదు. వినపడకపోగా, ఒక్క క్షణం స్పాంజిలో కూరుకుని ఎవరూ ఊహించని వేగంతో బయటికొచ్చేది. యూరప్ ఛాంపియన్లు వరసగా తడబడ్డారు. ఫైనల్లో హంగరీ ఆటగాడు యోజెఫ్ కోచియాన్‌ని ఓడించి సాటో ప్రపంచ విజేత అయ్యాడు. మా నాన్న ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "బంతి టేబుల్ మీద పడ్డ చప్పుడు వినపడేది గానీ, బ్యాట్‌కి తగిలిన చప్పుడు లేదే అమ్మాయ్! ఎదుటిమనిషి సగం మాట చెప్పి సగం మింగేసినట్టుండేది" అనేవాడు. ఆ మ్యాచ్‌ల గురించి తరవాత నేను చదివినవన్నీ కలిపినా ఆయన ముక్కకి సరితూగవు.

ఆ రోజుల్లో దేశంలో మహిళల ఛాంపియన్ ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ అమ్మాయే, సయీద్ సుల్తానా. బడి వయసులోనే 1949లో జాతీయ టైటిల్ గెలిచింది. 1954 దాకా వరసగా ఆరేళ్లు ఆ టైటిల్ ఎవరికీ వదల్లేదు. తరవాత పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఈ ఊళ్లో ఇప్పుడు ఆమె పేరు చెబితే పోల్చుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా దొరకరు. అది నాకు ఎప్పుడూ బాధే. ఆమె తరవాత ఇదే ఊరి మీర్ ఖాసిం అలీ జాతీయ ఛాంపియన్ అయ్యాడు, 1969లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆయన ఫొటో పేపర్లోంచి కత్తిరించి నా లెక్కల నోట్‌బుక్ అట్టకి అంటించుకున్నాను.

సాటో స్పాంజితో రేగిన గొడవ 1959లో తేలింది. ఉత్తి స్పాంజి బ్యాట్‌ని నిషేధించారు. స్పాంజి మీద రబ్బరు ఉండాలి, రెండూ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు. పోయిన చప్పుడు కొంత తిరిగొచ్చింది, కానీ మెత్తబడి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరి ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బులో బ్యాట్ పట్టేనాటికి అందరి చేతుల్లోనూ ఆ రకమే. క్లబ్బు తాళంచెవి మగవాళ్ల దగ్గర ఉండేది. మేం నలుగురు ఆడవాళ్లం మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో ముగించి, మిగిలిన ఇరవై నిమిషాలూ ఆడేవాళ్లం. బంతులు సెల్యులాయిడ్‌వి. ఇచ్చేదే నెలకి రెండో మూడో. కాలి కింద పడి సొట్టపోతే టీ కాచే అతన్ని బతిమాలి మరిగే నీళ్లలో వేయించేవాళ్లం. గరిటెతో అటూ ఇటూ దొర్లిస్తుంటే లోపలి గాలి వేడెక్కి, సొట్ట టప్‌మని పైకి లేచేది. చీలిక పడ్డ బంతికి మాత్రం ఏ వైద్యమూ లేదు. కంటికి కనపడకపోయినా టేబుల్ మీద రెండుసార్లు కొట్టి చూస్తే గొంతు బొంగురుపోయి ఉండేది. ఇవాళ్టికీ జాతీయ పోటీల్లో ఆటగాళ్లు అనుమానం వస్తే బంతిని అలాగే కొట్టి వింటారు. గమనించండి.

1970ల చివర్లోనూ ఎనభైల మొదట్లోనూ చెవి మళ్లీ కీలకమైంది. కొందరు బ్యాట్‌కి రెండువైపులా ఒకే రంగు, గుణం మాత్రం వేర్వేరైన రబ్బర్లు వేసుకునేవాళ్లు. ఒకవైపు బంతిని సుడి తిప్పేది, రెండోవైపు ఆ సుడిని చంపేసేది. చేతిలో బ్యాట్ తిప్పుతూ ఆడితే ఏవైపుతో కొట్టారో ఎదుటివాడు కంటితో పోల్చలేడు. చప్పుడుని బట్టి పట్టేస్తున్నారని, అదీ దొరక్కుండా సర్వీస్ చేసే క్షణంలో కాలు నేలకేసి దబ్బుమని కొట్టేవాళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం జరుగుతోందో తెలీక తలలు గోక్కునేవాళ్లు. 1986 నుంచి 2021 దాకా ఒకవైపు ఎరుపు, రెండోవైపు నలుపు తప్పనిసరి. మా మనవరాలి ప్రశ్నకి జవాబు ఇదే. రబ్బర్లు రెండు రకాలు కాబట్టి చప్పుళ్లూ రెండు, రంగులూ రెండు.

ఆ తరవాతి మార్పులన్నీ నేను గ్యాలరీలో కూర్చుని చూసినవే. మ్యాచ్‌కి ముందు రబ్బరుకి తాజాగా జిగురు పూసుకునే రోజుల్లో టాప్‌స్పిన్ కొడితే టపాకాయ పేలినట్టుండేది. ఆ జిగురులోని ఆవిర్లు ఆరోగ్యానికి హాని అని 2008లో ఆపించారు. మంచిపని చేశారు. 2000లో బంతిని 38 నుంచి 40 మిల్లీమీటర్లకి పెంచారు. కాస్త నెమ్మదించి, మాలాంటివాళ్ల కంటికి ఆనింది. 2001లో గేమ్‌ని 21 పాయింట్ల నుంచి 11కి కుదించారు. దీనితో నాకు ఇప్పటికీ రాజీ కుదరలేదు. 12-18తో వెనకబడ్డ మనిషి ఊపిరి బిగబట్టి ఒక్కో పాయింటే కూడబెట్టుకుంటూ తేరుకురావడంలో ఉన్న అందం 11లో ఇమడదు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు పగిలిన బంతితో ఆడుతున్నారనే అనుకున్నాను. గొంతు అంత కరుకు. ఆరేళ్లకి చెవి అలవాటుపడింది.

సరూర్‌నగర్‌లో ఆ ఏడు పురుషుల టైటిల్ హర్మీత్ దేశాయ్‌ది, మహిళల టైటిల్ సుతీర్థ ముఖర్జీది. మరి రెండేళ్లకి, 2022 ఏప్రిల్‌లో షిల్లాంగ్‌లో, ఫైనల్లో మౌమా దాస్‌ని ఓడించి మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ జాతీయ ఛాంపియన్ అయింది. సయీద్ సుల్తానా చివరి టైటిల్ 1954లో, శ్రీజ మొదటి టైటిల్ 2022లో. ఆ కబురు చెప్పడానికి నాన్న లేడు. మనవరాలికి చెప్పాను. ఆ సాయంత్రం అది గోడకేసి బంతి కొడుతూనే ఉంది.

మీ ఊళ్లో జాతీయ పోటీలు జరిగితే ఫైనల్ దాకా ఆగకండి. మొదటిరోజు పొద్దున్నే, అన్ని టేబుళ్లూ నడుస్తున్నప్పుడు వెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్లండి. ఆటగాళ్లకి అడ్డం రాకుండా ఎంత దగ్గరగా కూర్చోనిస్తే అంత దగ్గరగా కూర్చోండి. ర్యాలీ నడుస్తుండగా చప్పట్లు కొట్టకండి. పాయింటు అయ్యాక కొట్టండి, గట్టిగా.