చక్రమును నిలుపు విద్య

బయ్యారము పేరు విన్నంతనే కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు, అచ్చటి గుట్టలలోని ఇనుపరాయి మనకు తలపునకు వచ్చును. కట్ట ఎంత గట్టిదైనను తూము సరిగా అమరనిచో చెరువు నిలువదు. కారు చక్రమును నిలుపు ఇనుము విషయమును అట్టిదే.

చక్రముతో తిరుగు డిస్కు సాధారణముగా పోత ఇనుము. దానిని పటకారువలె ఇరువైపుల ఒత్తి పట్టునది కాలిపర్. 1902లో ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇట్టి బ్రేకుకు పేటెంటు పొందెను. కాని ఆయన వాడిన రాగి బిళ్లలు త్వరగా అరిగెడివి. 1953లో, ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమున, నాలుగు చక్రములకును డిస్కులున్న జాగ్వార్ కారు గెలిచెను. అంతట లోకము ఈ బ్రేకును గుర్తించెను.

వెనుక ఇరుసుకు కాలిపర్లు బిగించునపుడు కుడి ఎడమలు తారుమారు కారాదు. అయినచో గాలి తీయు నిపిల్ పైనుండక క్రిందికి పోవును. గాలి పైకే చేరును గనుక లోపలనే చిక్కుకొనును. ఆయిలు ఒత్తిడికి అణగదు, గాలి అణగును. పెడలు మెత్తగా దిగిపోవును, కారు మాత్రము ఆగదు. చేతిబ్రేకు కలిసిన వెనుక కాలిపర్లు పెక్కింటిలో పిస్టనును బలముగా నెట్టరాదు, త్రిప్పుచు లోనికి పంపవలెను. బోల్టులను తయారీదారు చెప్పిన బిగువునకే బిగింపవలెను.

పని ముగిసిన పిదప, కారు కదలకముందే, పెడలు గట్టిపడువరకు నొక్కి చూడవలెను. ఎదుట ఎద్దుబండి వచ్చినపుడు ఆ పరీక్ష చేయుటకు వ్యవధి యుండదు.