ఒక టిక్కు, ఒక సీడీ, మూడు లిపులు

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఉంది. గౌతమి ఫాంటు పుట్టిందీ ఆ రోజుల్లోనే. అయినా మన దగ్గర చాలా కంప్యూటర్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు వరస కట్టేవి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతం, భాషల సెట్టింగు తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు ఎక్స్‌పీ ‘సీడీ పెట్టు’ అని అడిగేది. కుడి నుంచి ఎడమకు రాసే లిపులకూ అదే గడి. కర్ణాటక సరిహద్దున, తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపించే తాండూరు లాంటి ఊళ్లో మూడు భాషల వాళ్లకూ ఆ ఒక్క సీడీయే దిక్కు. అంగట్లో బిగించి ఇచ్చిన సిస్టంతో పాటు సీడీ చేతికి రాకపోతే కథ అక్కడికే ఆగిపోయేది. 2007లో విస్టా వచ్చాక గానీ ఈ బాధ తప్పలేదు. కాబట్టి ఇన్‌స్టాలేషన్ సీడీ అంటే ఇంజనీర్ల గోల అని తీసిపారేయడానికి లేదు. ఒక భాష తెరమీదికి వస్తుందా రాదా అన్నది కొన్నేళ్లపాటు దానిమీదే ఆధారపడింది.

ఈ చిక్కు తగలనిది డీటీపీ సెంటర్లకే. వాళ్లు అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ జోలికి పోకుండా ‘అను’ తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టేశారు. అసలు బరువు తర్వాత పడింది. పేజ్‌మేకర్ 7 కూడా 2001 నాటిదే, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షనేదీ రాలేదు. పాత ఫైలు తెరవాలంటే పాత ప్రోగ్రాం కావాలి, అది సవ్యంగా నడవాలంటే పాత విండోస్ కావాలి. హార్డ్‌డిస్కు పోయి ఫార్మాట్ కొట్టించాల్సిన రోజున పాత సీడీ మళ్లీ అవసరపడుతుంది. పదిహేనేళ్ల పాత కంప్యూటర్లున్న దుకాణమైనా, బడి ల్యాబైనా వికారాబాద్, తాండూరుల్లో వింతేమీ కాదు. వాటిలో కొన్ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావు, సీడీ నుంచే అవుతాయి.

అలాగని ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ ఎల్లకాలం సీడీలో ఇమడాలని పట్టుబడితే అదీ మనకే నష్టం. ఇందుకు లినక్స్ ఆధారిత ఉబుంటు చరిత్రే సాక్ష్యం. 2005 నుంచి 2011 దాకా అది అడిగినవాళ్లకు ప్రపంచంలో ఏ చిరునామాకైనా సీడీని ఉచితంగా పోస్టులో పంపింది. నెట్ సరిగా లేని ఊళ్లకు అది పెద్ద మేలే. అయితే 700 మెగాబైట్లలో అన్నీ పట్టవు గనుక సీడీలోకి కొన్ని భాషల ప్యాకులే ఎక్కాయి, మిగిలినవి నెట్ నుంచి దించుకోవాల్సి వచ్చింది. నెట్ లేనివాళ్ల కోసం తయారైన సీడీ, నెట్ లేనివాళ్ల భాషలనే బయట వదిలేసింది! 2012 అక్టోబరులో 12.10తో ఉబుంటు ఆ హద్దు దాటింది, దాటడమే సబబు.

కాబట్టి పూర్తి వ్యవస్థను పాత మాధ్యమంలో కుక్కనక్కర్లేదు. మెషీన్ లేచి మిగతాది తెచ్చుకునేంత చిన్న ప్రతి ఒకటి ఉంటే చాలు. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ ఇచ్చే చిన్న ‘నెట్‌ఇన్‌స్ట్’ ప్రతి చేసేది అదే. పాత విడుదలలను కూడా డెబియన్ ఆర్కైవ్‌లో ఉంచుతోంది. పాత మాధ్యమం మీద వీటిని పరీక్షించేవాళ్లు ఎక్కడున్నారన్నది న్యాయమైన అభ్యంతరమే. 2019లో లినక్స్ ఫ్లాపీ డ్రైవర్‌ను చూసుకునే దిక్కులేదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించడానికి కారణం పనిచేసే ఫ్లాపీ డ్రైవులే దొరక్కపోవడం. సీడీ ఇంకా ఆ స్థితికి రాలేదు. రెండో అభ్యంతరం భద్రత. 2014 ఏప్రిల్ 8 తర్వాత ఎక్స్‌పీకి మామూలు మద్దతు లేదు, దాన్ని నెట్‌కు తగిలించడం ప్రమాదమే. కానీ అది పాత వెర్షన్ సమస్య, పాత మాధ్యమం సమస్య కాదు. కొత్త, సురక్షితమైన వెర్షన్‌ను పాత మెషీన్‌లోకి ఎక్కించే దారి మూసేస్తే జనం ఎక్స్‌పీలోనే ఉండిపోతారు, అంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

గడువు చెప్పి మూస్తే అంత అభ్యంతరం లేదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో పాత 32-బిట్ మెషీన్లకు ఇన్‌స్టాలర్ లేదు. అయితే డెబియన్ 12కు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ దాకా ఉంది. ల్యాబులో ఏ మెషీన్ ఎన్ని బిట్లదో చూసి, పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది, మొదలుపెడితే.