అభ్యంగన స్నానం: కేశరక్షణ, జలరక్షణల ప్రాచీన బంధం

నరకచతుర్దశి నాటి ఉషఃకాలంలో తైలమందు లక్ష్మీదేవి, జలమందు గంగాదేవి సన్నిహితులై ఉంటారని సంప్రదాయవచనం. తెలుగువారి ఇళ్ళలో ఆనాడు పెద్దలు పిల్లల మాడుపై నువ్వులనూనె పెట్టి, కుంకుడురసంతో తలంటి, అక్షతలు వేసి ఆశీర్వదించడం అనూచానంగా వస్తున్నది. కుంకుడురసం కంటపడి పిల్లలు ఏడిస్తే నోట కల్లుప్పు పలుకు వేసి ఊరడించడమూ ఆ ఆచారంలో భాగమే. ఆ సంప్రదాయవచనం తైలాన్నీ, జలాన్నీ జంటగా స్మరించడంలో గంభీరమైన అర్థమున్నది. శిరస్సును శుద్ధి చేసుకొనే మనుష్యుడు ఆ శుద్ధికి సాధనమైన జలాన్ని మలినం చేయరాదన్నదే ఆ అర్థం. అభ్యంగన స్నాన చరిత్రను పరిశీలిస్తే కేశరక్షణ, జలరక్షణ అనే రెండు ధర్మాలు చిరకాలం కలిసే నడిచాయనీ, గత శతాబ్దంలోనే అవి విడిపోయాయనీ తెలుస్తుంది.

ముందుగా కేశస్వరూపం తెలియాలి. ఆయుర్వేదం కేశాలను అస్థిధాతువు యొక్క మలంగా, అనగా అస్థిపోషణలో మిగిలిన కిట్టభాగంగా పరిగణించింది. చర్మం వెలుపలికి వచ్చిన వెంట్రుకలో జీవకణాలు లేవని ఆధునిక శరీరశాస్త్రమూ చెబుతున్నది. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున మూలం నుండి పెరుగుతుంది. ఒకసారి చిట్లిన కొస తనంతట తాను అతుక్కోదు. కనుక శిథిలకేశానికి పునర్జన్మ ప్రసాదిస్తామనే ప్రకటనలు ఎన్ని వెలువడినా, చేయదగినవి రెండే: ఉన్న కేశాన్ని మరింత క్షీణించకుండా కాపాడడం, రాబోయే కేశానికి మూలబలం చేకూర్చడం. ప్రాచీనాచార్యుల ఉపదేశమంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

చరకసంహిత సూత్రస్థానం 5వ అధ్యాయం నిత్యమూ శిరస్సుకు తైలం పట్టించుకొనేవారికి శిరశ్శూల, బట్టతల, పలితం కలుగవనీ, కేశాలు రాలక దృఢమూలాలై, దీర్ఘంగా, నల్లగా ఉంటాయనీ చెప్పింది. సుశ్రుతుడు దువ్వెనను సైతం విస్మరించలేదు. అది ధూళిని, క్రిములను, మలాన్ని తొలగించి కేశాలకు హితం చేస్తుందన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో అభ్యంగాన్ని నిత్యవిధిగా చెప్పి, శిరస్సు, చెవులు, పాదాలకు దానిని విశేషంగా విధించాడు. అంతటితో ఆగక ఒక సూక్ష్మమైన హెచ్చరికనూ చేశాడు. ఉష్ణోదకం కంఠం దిగువ శరీరానికి బలమిస్తుంది గాని, అదే శిరస్సుపై పోస్తే కేశాల బలాన్ని, నేత్రాల బలాన్ని హరిస్తుంది. నేడు వేడిగాలి యంత్రాలతో జుట్టు ఆరబెట్టుకొనేవారు మననం చేయదగిన మాట ఇది.

చరకుడు విమానస్థానం 1వ అధ్యాయంలో పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటిని అతిగా సేవించరాదని నిషేధించాడు. క్షారాతిసేవనం కేశాలకు, నేత్రాలకు, హృదయానికి, పుంస్త్వానికి హాని చేస్తుందని చెబుతూ, అలా సేవించే ప్రాచ్యదేశీయులను, చీనదేశీయులను ఉదాహరించాడు. ఈ నిషేధం ఆహారవిషయకమే, బాహ్యలేపనాన్ని గురించినది కాదు. అయినా క్షారం కేశానికి మిత్రం కాదన్న విషయం బాహ్యప్రయోగంలోనూ సత్యమే. వెంట్రుకపై పొర పెంకుటింటి కప్పులా ఒకదానిపై ఒకటి పేర్చిన పొలుసులతో ఏర్పడింది. క్షారగుణం గల సబ్బు తగిలితే ఆ పొలుసులు విచ్చుకొంటాయి. ఒకదానికొకటి రాచుకొని కేశం గరుకై, చిక్కుపడి, తెగిపోతుంది.

మరి క్షారం లేకుండా జిడ్డు పోవడమెలా? ఆ ప్రశ్నకు భారతీయులు వృక్షాలలోనే సమాధానం కనుగొన్నారు. కుంకుడుకాయకు సంస్కృతంలో అరిష్టకమనీ, ఫేనిలమనీ పేర్లు. ఫేనం అంటే నురుగు, నురుగునిచ్చేది ఫేనిలం. మనుస్మృతి 5వ అధ్యాయంలోని ద్రవ్యశుద్ధి ప్రకరణం పట్టువస్త్రాలకు, ఉన్నివస్త్రాలకు చవిటిమన్నును, మేకవెంట్రుకలతో నేసిన కుతపమనే కంబళికి కుంకుడుకాయను శోధకద్రవ్యాలుగా విధించింది. యాజ్ఞవల్క్యస్మృతి కూడా కుతపానికి అరిష్టకాన్నే చెప్పింది. ఏ ద్రవ్యానికి ఏది హితమో ఎంచి విధించిన ఆ వివేకం గమనింపదగినది. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ వృక్షజాతికి పెట్టిన ‘సాపిండస్’ అనే నామానికి కూడా భారతదేశపు సబ్బు అనే అర్థమే.

కుంకుడుతొక్కలోను, సీకాయలోను సాపోనిన్లు అనే పదార్థాలున్నాయి. వాటి అణువులో ఒక భాగం నూనెను, మరొక భాగం నీటిని పట్టుకొంటుంది. అందువల్ల జిడ్డు విడివడి నీటితో వెళ్ళిపోతుంది. ఈ రసాలు స్వల్పంగా ఆమ్లగుణం కలవి గనుక కేశపు పొలుసులు విచ్చుకోవు. తలంటుకు ముందు తైలం పెట్టడమూ నిరర్థకం కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోనికి ప్రవేశించి, తలస్నానంలో కలిగే మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన నిరూపించింది. కేశరంజనమని ప్రసిద్ధి చెందిన భృంగరాజాన్ని, అనగా గుంటగలగరను తైలంలో కాచడం, మందారపు ఆకును నూరి తలకు పట్టించడం, ఉసిరికను వాడడం, తలంటు పిమ్మట సాంబ్రాణి ధూపం వేయడం ఈ పరంపరలోని అంగాలే.

ఇక జలధర్మం. తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న ఆరుణకేతుక వ్రతనియమాలను చెబుతూ జలంలో మలమూత్ర విసర్జన చేయరాదనీ, ఉమ్మివేయరాదనీ శాసించింది. ధర్మశాస్త్రకారులు స్నానాన్ని నిత్యం, నైమిత్తికం, కామ్యం, క్రియాంగం, మలాపకర్షణం, క్రియాస్నానం అని ఆరు విధాలుగా విభజించారు. అభ్యంగపూర్వకంగా మురికిని తొలగించుకొనే స్నానం మలాపకర్షణం. పుణ్యతీర్థంలో చేసే స్నానం దానికి భిన్నం. గంగాజలంలో ఒళ్ళు రుద్దుకొని మురికిని వదలడాన్ని నిబంధకారులు నిషిద్ధకర్మలలో లెక్కించారు. ముందుగా శరీరమలాన్ని ఇంటివద్దనే తొలగించుకొని, ఆ పిమ్మటనే నదిలో మునగాలి.

ఈ నియమంలోని దూరదృష్టి కుంకుడుకాయ విషయంలోనే స్పష్టమవుతుంది. ప్రకృతిసిద్ధమైనదైనా కుంకుడురసం చేపలకు విషతుల్యం. సాపోనిన్లు వాటి మొప్పలను దెబ్బతీస్తాయి. అందుచేత వృక్షజన్యమైనంత మాత్రాన దేనినైనా నదిలో కలుపవచ్చునన్న భావం సరికాదు. పెరటి బావివద్ద తలంటుకొంటే ఆ నీరు మట్టిలో ఇంకేది, సూక్ష్మజీవులు ఆ రసాన్ని విడగొట్టేవి. ద్రవ్యం ఎంత సౌమ్యమో, దానిని వదిలే స్థానం కూడా అంత ముఖ్యమన్నమాట.

ఈ రెండు ధర్మాలూ విడిపోయిన వృత్తాంతం ఒక పదంలోనే ఇమిడి ఉన్నది. నేడు ప్రపంచమంతా పలికే ‘షాంపూ’ అనే మాట హిందీలోని ‘చాంప్‌నా’ నుండి వచ్చింది. దానికి నొక్కడం, మర్దించడం అని అర్థం. మన చంపూకావ్యంతో దానికి సంబంధమేమీ లేదు. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ఆవిరిస్నానాలతో కూడిన మర్దనశాల నెలకొల్పి, 4వ జార్జి రాజుకు ‘షాంపూయింగ్ సర్జన్’గా నియమితుడయ్యాడు. 1822లో ఆ విద్యపై గ్రంథం ప్రకటించాడు. ఆనాటికి షాంపూ అంటే మర్దనమే. 19వ శతాబ్దం గడిచేకొద్దీ ఆ పదానికి తల కడుగుకొనే ద్రవ్యమనే అర్థం స్థిరపడింది. మర్దనం జారిపోయింది, నురుగు మిగిలింది.

1930ల దశకంలో కృత్రిమ శోధకాలతో చేసిన షాంపూలు పాశ్చాత్యదేశాలలో వెలువడ్డాయి. రెండవ ప్రపంచయుద్ధానంతరం వ్యాపించిన బట్టల డిటర్జెంట్లలోని కొన్ని రసాయనాలను సూక్ష్మజీవులు సులభంగా విడగొట్టలేకపోవడంతో అక్కడి నదులపై నురుగు గుట్టలుగా పేరుకొన్నది. 1960ల దశకంలో ఆ రసాయనాలను మార్చవలసి వచ్చింది. మన దేశంలో 1980ల దశకం నుండి షాంపూ చిన్న ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. పేదవారికి అది సులభమైన మాట నిజమే. కానీ పలుపొరల ప్లాస్టిక్కుతో చేసిన ఆ ప్యాకెట్టును తిరిగి కరిగించి వాడడం దుష్కరం. అది స్నానఘట్టాల మెట్లపై, కాలువల ఒడ్డున మిగిలిపోతుంది. ఢిల్లీ వద్ద యమునలో శుద్ధి చేయని మురుగునీటి డిటర్జెంట్ల వల్ల ఏర్పడిన తెల్లని నురుగు నడుమ ఛఠ్ వ్రతస్థులు సూర్యునికి అర్ఘ్యమివ్వడం ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైన దృశ్యం.

కేశం దెబ్బతిన్నదని చింతించేవారికి ఈ చరిత్ర చూపే మార్గం సరళమైనది. చిట్లిన కొసలను కత్తిరించాలి. తలంటుకు ఒక గంట ముందు గోరువెచ్చని నువ్వులనూనెను గాని, కొబ్బరినూనెను గాని మాడుకు, కొసలకు పట్టించాలి. గింజలు తీసిన కుంకుడుతొక్కలను రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి, వడగట్టి వాడాలి. ఎక్కువ పొడిబారిన జుట్టుకు ఆ రసాన్ని పలుచన చేయాలి, కంట పడనీయరాదు. తలపై మరిగే నీరు పోయరాదు. తడిజుట్టును బలంగా దువ్వక, నీడలో ఆరనిచ్చి, వెడల్పు పండ్ల చెక్కదువ్వెనతో కొసల నుండి పైకి చిక్కు తీయాలి. జుట్టు విపరీతంగా రాలుతున్నా, మాడుపై పుండ్లున్నా వైద్యుని ఆశ్రయించాలి. తలంటిన నీటిని చెరువులోనికి గాని, నదిలోనికి గాని పోనీయక నేలలో ఇంకనీయాలి.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. లక్షలాది భక్తులు ఆ పావనజలంలో మునుగుతారు. ఇంటివద్దనే మలాపకర్షణ స్నానం ముగించుకొని, సబ్బు, షాంపూ చేతపట్టకుండా ఘట్టంలో దిగే ప్రతి భక్తుడూ పూర్వాచార్యుల విధిని ఆచరించినవాడే. తైలంలో లక్ష్మిని దర్శించినవాడు జలంలో గంగను మరువరాదు. శిరస్సు శుద్ధమై, నది మలినమైతే ఆ శౌచం సగమే.

స్వస్తి.